కాజాలోంచి తొంగిచూసే కెమెరా: 1886 నాటి నమూనాను మీరే కట్టుకోండి

స్టిర్న్ వెస్ట్ కెమెరా 1886లో మార్కెట్లోకి వచ్చింది. అంగుళం మందం, ఆరంగుళాల వ్యాసం ఉన్న గుండ్రటి లోహపు డబ్బా. దాన్ని మెడకు వేలాడదీసుకుని పైన వెస్టు (చేతుల్లేని కోటు) తొడుక్కుంటే లెన్సు ముక్కు ఒక్కటే కాజాలోంచి బయటికొచ్చి గుండీలా కనబడేది. లోపల ఐదంగుళాల గుండ్రటి గాజు ప్లేటు, దాని మీద చుట్టూ ఆరు ఫొటోలు, ఒక్కోటి సుమారు 41 మి.మీ. వ్యాసం. నొక్కడానికి బటన్ లేదు, వెస్టు కింది నుంచి వచ్చే దారాన్ని లాగాలి. రూపకర్త న్యూయార్క్‌కు చెందిన రాబర్ట్ గ్రే. హక్కులు స్టిర్న్ అనే వ్యాపారి చేతికొచ్చాక బెర్లిన్‌లో తయారై వేలల్లో అమ్ముడుపోయింది. మనవైపు పోల్చుకోవాలంటే, విజయవాడ బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియంగా ఉన్న విక్టోరియా జూబిలీ భవనానికి శంకుస్థాపన జరిగింది ఆ మరుసటి ఏడు, 1887లో.

అంతకుముందు ఇలాంటి కెమెరా సాధ్యం కాకపోవడానికి కారణం ప్లేటు. తడి ప్లేటు కాలంలో అక్కడికక్కడే రసాయనం పూసి, ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి (డెవలప్ చేయాలి). 1871లో మాడక్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు చూపించిన జెలటిన్ దారిలో పొడి ప్లేట్లు వచ్చాకే ప్లేటును ముందే నింపుకుని ఇంటికొచ్చి తీరిగ్గా కడుక్కోవడం కుదిరింది. కెమెరా ఒంటి మీదికి ఎక్కింది ఆ తర్వాతే.

ఇక్కడ కట్టబోయేది దాని అచ్చు నకలు కాదు, అదే సూత్రం మీద పనిచేసే నమూనా. గాజు ప్లేటు బదులు బ్రోమైడ్ పేపరు, అంటే ఫొటోలు ముద్రించే కాగితం, వాడతాం. ఫొటోగ్రఫీ క్లబ్బుకో, కాలేజీ ఎగ్జిబిషన్‌కో బాగుంటుంది. ఒక షరతు మాత్రం ఉంది: ఎదుటి మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే తీయండి. ఆడవాళ్ల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం, జైలు శిక్ష ఉంది. మిగతా చోట్ల చట్టం సంగతి ఎలా ఉన్నా, అడిగి తీస్తే ఈ కెమెరా గుట్టు విప్పి చూపించే సరదా కూడా దక్కుతుంది.

సామాను

డబ్బాకు 3 మి.మీ. ఎం.డి.ఎఫ్. షీటు చాలు. ట్రోఫీలు, నేమ్‌బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపులో ఈ కొలతలిచ్చి కోయించండి: 150 మి.మీ. వ్యాసం మూతలు రెండు; బయటి వ్యాసం 150, లోపలి వ్యాసం 136 ఉన్న రింగులు నాలుగు; పేపరు పట్టుకునే 130 మి.మీ. బిళ్ల ఒకటి. ముందు మూతకు నడిమధ్య 6 మి.మీ. రంధ్రం, అక్కడి నుంచి 42 మి.మీ. పైన కేంద్రం ఉండేలా 42 మి.మీ. వ్యాసంతో మరో రంధ్రం. వెనక మూతకు రంధ్రాలేమీ వద్దు. పేపరు బిళ్ల అంచున 60 డిగ్రీలకొకటి చొప్పున ఆరు చిన్న గాట్లు పెట్టించండి. గాట్లు చేత్తో కోస్తే ఒకటి రెండు డిగ్రీలు తేడా వచ్చి ఆరో ఫొటో మొదటి దాని మీదికి ఎక్కుతుంది, ఇది మాత్రం మెషిన్ మీదే జరగాలి.

షట్టరు బిళ్లకు, మాస్కుకు (పేపరు ముందుండే, ఫొటో పడే కిటికీ ఉన్న రేకు), ముక్కుకు పల్చటి అల్యూమినియం కావాలి. కొత్తది కొనక్కర్లేదు. విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులకు కొదవ లేదు. గవర్నరుపేట వైపు ఏ ప్రెస్సునడిగినా వాడేసిన ప్లేట్లు తూకానికి ఇస్తారు. 0.3 మి.మీ. మందం ఉన్నవి తీసుకోండి. మామూలు కత్తెరకే తెగుతాయి, వంచితే నిలబడతాయి. మెరుపు ఒక్కటే దోషం, లోపలికి వచ్చే వైపంతా బ్లాక్‌బోర్డు పెయింటు రెండు కోటింగులు వేయాలి. నిగనిగలాడే నల్ల ఎనామిల్ వేస్తే వెలుతురు దాని మీద జారి ఫొటో మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది.

ఇరుసులకు పాత రేడియో యాంటెన్నా తెచ్చుకోండి. అందులోని గొట్టాలు ఒకదాంట్లో ఒకటి బిగుతుగా ఇమిడి తిరుగుతాయి, మనకు కావలసింది అదే. బయటి గొట్టం 6 మి.మీ. రంధ్రంలో పట్టేది, లోపలి దానికి పక్క సైజుది. సరైన జత దొరక్కపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ వర్కుషాపులోనైనా ఇత్తడితో తిప్పి ఇస్తారు.

లెన్సుకు వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే 5 ఎక్స్ లూపు (ఐదు రెట్లు పెద్దగా చూపే భూతద్దం) తీసుకోండి. 5 ఎక్స్ అంటే ఫోకల్ దూరం దాదాపు 50 మి.మీ. నమ్మకం లేకపోతే గదిలో కిటికీకి ఎదురు గోడ మీద పట్టుకుని కిటికీ బొమ్మ స్పష్టంగా పడే దూరం కొలవండి. 47 నుంచి 53 మధ్య ఏదైనా పనికొస్తుంది, ముక్కు పొడవు ఆ మేరకు మారుతుంది. తర్వాత లూపు విప్పి లెన్సు బయటికి తీసి ట్యూబ్‌లైటు ప్రతిబింబం రెండు వైపులా చూడండి. ఒకవైపు నిటారుగా పెద్దగా, రెండోవైపు వంగి చిన్నగా కనబడితే అది ఒకవైపు చదునుగా ఉన్న లెన్సు, మనకు మేలు. రెండువైపులా వంగి కనబడితే వాడొచ్చు గానీ ఫొటో అంచులు మరికాస్త అలుక్కుపోతాయి.

ముక్కు

ముక్కు అడుగున 42, కొనన 26 మి.మీ. వ్యాసంతో 40 మి.మీ. పొడవున్న శంకువు. అల్యూమినియం ప్లేటు మీద ఒకే కేంద్రం నుంచి 107 మి.మీ., 66 మి.మీ. వ్యాసార్ధాలతో రెండు చాపాలు గీసి, మధ్యలో 71 డిగ్రీల ముక్క తీసుకుని, అతుకుకి 8 మి.మీ. అదనంగా ఉంచి కోయండి. చుట్టి అతికిస్తే శంకువు తయారు. కొనన లెన్సు పట్టే చిన్న అట్టగొట్టం పెట్టండి. అది ముందుకీ వెనక్కీ 3 మి.మీ. జరిగేలా ఉండాలి, ఫోకస్ చూసుకోవడానికి.

లెన్సు ఉబ్బెత్తు వైపు బయటికి, చదును వైపు లోపలికి. దాని వెనక 8 మి.మీ. లోపల సరిగ్గా మధ్యలో 5 మి.మీ. రంధ్రం ఉన్న బిళ్ల, దీన్నే స్టాప్ అంటారు. స్టాప్‌ను లెన్సు ముందు పెట్టినా ఫొటో అంతే బాగా వస్తుంది, కానీ ముక్కు ఇంకో సెంటీమీటరు పొడుగై పైన కోటు గుడారమెత్తినట్టవుతుంది. వెనక పెడితే ఇంకో లాభం: అక్కడికి చేరేసరికి కిరణాలు కొంత దగ్గరపడి ఉంటాయి, అందుకే 5 మి.మీ. రంధ్రమే 6 మి.మీ. పని చేస్తుంది. లెక్కకు ఎఫ్/8, అంటే ఫోకల్ దూరంలో ఎనిమిదో వంతు రంధ్రం, అనుకోండి.

షట్టరు

అసలు కష్టమంతా ఇక్కడే. దాచడం దర్జీ పని, అది ఎవరైనా చేస్తారు. కదులుతున్న ఒంటి మీద, చూడకుండా, సెకనులో ముప్పయ్యో వంతు సమానంగా తెరుచుకునే షట్టరు చేయడం వేరే సంగతి.

అల్యూమినియం బిళ్ల, వ్యాసార్ధం 66 మి.మీ. అందులో కేంద్రం నుంచి 21 మి.మీ. దగ్గర మొదలై 62 దగ్గర ముగిసే ఒక చీలిక, వెడల్పు 20 డిగ్రీలు. ఈ బిళ్లను బయటి గొట్టానికి అతికించి గొట్టాన్ని ముందు మూత రంధ్రంలోంచి బయటికి తీసి చిన్న నాబ్ పెట్టండి. షట్టరు గదికి రెండు రింగులు, అంటే 6 మి.మీ. లోతు. బిళ్ల అంచు దగ్గర ఒక మేకు, రింగు మీద ఒక మేకు, మధ్యలో రబ్బరు బ్యాండు. నాబ్ తిప్పితే బిళ్ల పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు వెనక్కి వెళ్లి కొక్కేనికి తగులుకోవాలి. దారం లాగితే కొక్కెం వదిలి చీలిక ఫొటో కిటికీ మీదుగా దూసుకెళ్తుంది. కొక్కేనికి పాత స్టీలు టేపు ముక్క శ్రేష్ఠం, ఎన్నిసార్లు వంచినా స్ప్రింగు పోదు.

పరుగు ముగిసే చోట మెత్తటి స్పాంజి ముక్క తప్పనిసరి. అది లేకపోతే బిళ్ల అడ్డుమేకుకు కొట్టుకుని ఎగిరి వెనక్కి వస్తుంది, చీలిక మళ్లీ కిటికీ మీదికి జరుగుతుంది, మనిషికి రెండు ముక్కులు పడతాయి. జంట బొమ్మ ఒక అంచున మాత్రమే కనబడితే అది చెయ్యి కదలడం వల్ల కాదు, ఈ ఎగురుడు వల్లే.

వేగం కొలవడానికి ఫోన్ చాలు. వెనక మూత తీసి, ముక్కును ఆకాశం వైపు పెట్టి, స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో వీడియో తీయండి. కిటికీ నడిమి బిందువు ఎన్ని ఫ్రేముల్లో వెలిగిందో లెక్కపెట్టండి. 8 ఫ్రేములైతే 1/30 సెకను, 10 అయితే 1/24. ఈ రెంటి మధ్య ఉండాలి. ఎక్కువైతే రబ్బరు బ్యాండు పొట్టిది వేయండి, తక్కువైతే వదులుది. ఎండలో రబ్బరు సాగి వేగం పడిపోతుంది కాబట్టి ఫొటోలకు వెళ్లే రోజు పొద్దున్నే మళ్లీ చూసుకోవాలి.

ఇంకో చిక్కు: షట్టరును మళ్లీ ఎక్కుపెట్టేటప్పుడు చీలిక కిటికీ మీదుగానే వెనక్కి వెళ్తుంది. అప్పుడు లెన్సు తెరిచి ఉంటే పేపరు మసకబారుతుంది. అందుకని ముక్కుకు ఒక మూత. పెద్ద కోటు గుండీని అట్టగొట్టానికి అతికిస్తే మూతకు మూత, వేషానికి వేషం. వరస ఇలా అలవాటు చేసుకోండి: మూత పెట్టు, పేపరు తిప్పు, షట్టరు ఎక్కుపెట్టు, మూత తియ్యి, దారం లాగు.

పేపరు గది

షట్టరు గది వెనక అల్యూమినియం మాస్కు, ముందు మూత రంధ్రానికి సరిగ్గా ఎదురుగా 38 మి.మీ. కిటికీతో. దాని వెనక మిగిలిన రెండు రింగులు, లోపల 130 మి.మీ. బిళ్ల. ఈ బిళ్ల యాంటెన్నా లోపలి గొట్టానికి బిగిసి ఉంటుంది. ఆ గొట్టం షట్టరు గొట్టం లోంచి దూరి ముందుకే వస్తుంది, దానికి ఇంకో నాబ్. రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నా పేపరు తిప్పినప్పుడు షట్టరు కదలదు, దాన్ని రబ్బరు బ్యాండో కొక్కేమో పట్టుకునే ఉంటుంది. బిళ్ల అంచు గాట్లలో పడేలా మరో స్టీలు టేపు ముక్క పెడితే 60 డిగ్రీలకొకసారి టక్కుమంటుంది. కోటు కింద కళ్లతో పనిలేదు, ఆ చప్పుడే గుర్తు.

పేపరు 125 మి.మీ. గుండ్రం. ఎనిమిది బై పది అంగుళాల షీటు ఒక్కదాంట్లో రెండు వస్తాయి. ఆరు ఫొటోల మధ్య ఒక్కోచోట 4 మి.మీ. ఖాళీ మిగులుతుంది. అసలు కెమెరాలో 41 మి.మీ. బొమ్మలు ఒకదాన్నొకటి దాదాపు రాసుకుంటూ ఉండేవి, ఫ్యాక్టరీ గాట్లకు అది చెల్లింది. పేపరుకూ మాస్కుకూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉంచండి. తగిలితే తిప్పినప్పుడల్లా ఎమల్షన్ (పేపరు మీది రసాయనపు పూత) మీద నల్లటి చాపాలు పడతాయి.

ఇరుసు రంధ్రం దగ్గరా, దారం బయటికొచ్చే చోటా నల్ల ఫెల్టు వాషర్లు వేయండి. లీకు పరీక్షకు పేపరు నింపి, మూత పెట్టి, ఎండలో రెండు నిమిషాలు తిప్పుతూ ఉంచి కడగండి. అంచున బూడిదరంగు వస్తే రింగుల అతుకు, మధ్యలో వస్తే ఇరుసు.

ఫోకస్

పేపరు ఉండే తలంలో ట్రేసింగ్ పేపరు బిగించి, షట్టరు బిళ్లను చీలిక కిటికీ ముందుండేలా పట్టుకుని, దూరంగా ఉన్న వస్తువు చూడండి. గాంధీ కొండ మీది స్తూపం కనబడే మేడ ఏదైనా సరే. తలకు నల్లగుడ్డ కప్పుకుని బొమ్మ పదునెక్కేదాకా లెన్సు గొట్టం జరిపి, అక్కడే రెండు భాగాలు కలిపే ఎపాక్సీతో అతికించేయండి. నిమిషంలో పట్టేసే పల్చటి గమ్ మాత్రం వద్దు, దాని ఆవిరి లెన్సు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

దూరానికి ఫోకస్ చేస్తే మూడు మీటర్ల దగ్గరున్న మనిషి ఎలా వస్తాడన్న అనుమానం న్యాయమే. బ్రోమైడ్ పేపరు చూసేది ప్రధానంగా నీలం వెలుతురు. ఒంటి లెన్సు నీలాన్ని, మన కంటికి ప్రధానమైన పసుపుపచ్చ కంటే ముందే కలుపుతుంది. 50 మి.మీ. లెన్సుకు ఈ తేడా దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే కంటికి స్తూపం స్పష్టంగా ఉన్నప్పుడు పేపరుకు స్పష్టంగా ఉండేది సుమారు రెండున్నర, మూడు మీటర్ల దూరం. ఎఫ్/8 దగ్గర ఒకటిన్నర మీటరు నుంచి పదిహేను మీటర్ల దాకా చూడదగ్గట్టు వస్తుంది. తప్పు మీద తప్పు కలిసి లెక్క సరిపోయిందన్నమాట. మనిషిని మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి కంటితో ఫోకస్ చేశారంటే పేపరుకు పదును ఒకటిన్నర మీటరు దగ్గరికి జారిపోతుంది, ముఖం అలుక్కుపోతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ప్లేట్లూ నీలానికే స్పందించేవి గనుక ఆనాటి ఒంటి లెన్సు కెమెరాలన్నిటిదీ ఇదే గొడవ.

ఒంటి మీద పెట్టుకోవడం, గురి చూడడం

వెడల్పాటి పట్టీ మెడకు, ఇంకోటి నడుం చుట్టూ. నడుం పట్టీ లేకపోతే అడుగు వేసినప్పుడల్లా డబ్బా ఊగి ముక్కు కాజా లోంచి జారిపోతుంది. పైన వదులైన కోటు, దాని రెండో గుండీ కాజాను 28 మి.మీ. దాకా పెంచి దర్జీ చేత అంచు కుట్టించండి. ముక్కు, డబ్బా కలిపి ఆరు సెంటీమీటర్లు ముందుకొస్తాయి కనుక బక్కపలచని మనిషి మీద ఎబ్బెట్టుగా ఉంటుంది. కాస్త బొజ్జ ఉన్నవాళ్లు ఈ కెమెరాకు పుట్టినట్టుంటారు. దారాన్ని ప్యాంటు జేబులోకి దించండి.

ఈ దారం సంగతి తర్వాతి వాళ్లూ రకరకాలుగా తేల్చుకున్నారు. 1890లో పారిస్‌లో ఎడ్మండ్ బ్లాక్ తెచ్చిన నెక్‌టై కెమెరాలో లెన్సు టై పిన్నులా కనబడేది. 1928 జనవరి 12న సింగ్ సింగ్ జైల్లో రూత్ స్నైడర్ మరణశిక్షను టామ్ హోవర్డ్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ చీలమండకు కట్టుకున్న చిన్న కెమెరాతో తీశాడు. ఒకే ప్లేటు, ఒకే అవకాశం, ప్యాంటు అంచు ఎత్తి పాదం గురిపెట్టడమే. 1938 నుంచి ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ న్యూయార్క్ సబ్‌వేలో కాంటాక్స్ కెమెరాకు నల్లరంగు వేసి కోటు గుండీల మధ్య పెట్టుకుని, కేబుల్ రిలీజును చొక్కా చేతిలోంచి అరచేతికి తెచ్చుకున్నాడు. వ్యూఫైండరులోంచి చూసే వీలు వీళ్లెవరికీ లేదు. గురంతా ఒళ్లే.

అందుకే కొలత కంఠతా ఉండాలి. ఈ కెమెరా రెండు మీటర్ల దగ్గర ఒకటిన్నర మీటరు వలయాన్ని, మూడు మీటర్ల దగ్గర 2.3 మీటర్ల వలయాన్ని పడుతుంది. లెన్సు ఛాతీ ఎత్తున, 1.2 మీటర్ల దగ్గర ఉంటే మూడు మీటర్ల దూరంలోని మనిషి తల నుంచి కాళ్ల దాకా సరిగ్గా ఇముడుతాడు. రెండడుగుల టైల్స్ పరిచిన గదిలో ఐదు పలకలంటే మూడు మీటర్లు. అద్దం ముందు నిలబడి లెన్సు తనను తానే చూసుకునేలా ఒళ్లు సర్దుకోవడం సాధన చేయండి. చాలామంది వెనక్కి వాలి నిలబడతారు, దాంతో ఫొటోలో సగం ఆకాశమే.

ఎదుటివాళ్లు అడ్డంగా నడిచిపోతుంటే తీయకండి. మూడు మీటర్ల దగ్గర మామూలు నడక 1/30 సెకనులో పేపరు మీద ముప్పావు మిల్లీమీటరు పాకుతుంది, మనిషి చారలా వస్తాడు. మీ వైపు నడిచొచ్చే వాళ్లనో, ఆగి మాట్లాడే వాళ్లనో ఎంచుకోండి. 1890లలో ఓస్లోలో స్టిర్న్ వెస్ట్ కెమెరాతోనే తిరిగిన విద్యార్థి కార్ల్ స్టోర్మర్, తర్వాత గణితవేత్తగా, ధ్రువకాంతుల పరిశోధకుడిగా పేరు తెచ్చుకున్నాడు, వీధిలో ఎదురొచ్చే వాళ్లనే ఎక్కువగా తీశాడు. ఆయన కెమెరాకు చిక్కినవాళ్లలో నాటకకర్త ఇబ్సెన్ ఒకడు.

వెలుతురు నిండుగా కావాలి. పేపరు వేగం (వెలుతురుకు స్పందించే చురుకు) ఐఎస్‌ఓ 6 అనుకుంటే నేరుగా ఎండ పడే చోట ఎఫ్/8కి సుమారు 1/25 సెకను సరి. ప్రకాశం బ్యారేజీ మీద, కృష్ణ ఘాట్లలో పది నుంచి మూడు దాకా బాగా వస్తుంది. బీసెంట్ రోడ్డులో షాపుల నీడలో తీస్తే పేపరు తెల్లగా ఖాళీగా మిగులుతుంది. సాయంత్రం నాలుగు దాటాక ఫోన్ మీటరు మాట నమ్మొద్దు, ఎండ ఎర్రబడేకొద్దీ అందులో నీలం తగ్గి పేపరు ఇంకా మందగిస్తుంది. ఎర్ర చీర, కుంకుమ బొట్టు నల్లగా, ఆకాశం తెల్లగా రావడానికీ అదే కారణం.

కడగడం

ఎర్ర దీపం మాత్రమే. రంగు పూసిన జీరో వాట్ బల్బుల్లో తెలుపు కూడా జారుతుంది, కాబట్టి ముందు పరీక్షించండి: పేపరు ముక్క మీద నాణెం పెట్టి ఐదు నిమిషాలు దీపం కింద ఉంచి కడిగితే నాణెం ఆకారం తెలియకూడదు.

డెవలపరును (బొమ్మను పైకి తేల్చే రసాయనం) సీసా మీద పేపరుకు రాసిన దానికి రెట్టింపు నీళ్లతో కలపండి. ఎండలో తీసిన పేపరు నెగటివు మరీ నలుపు తెలుపుగా వస్తుంది, పలచబరిస్తే మధ్య ఛాయలు దక్కుతాయి. 20 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు. ఇక్కడి వేసవిలో కుళాయి నీళ్లే 30 దాటుతాయి. ఆ వేడిలో బొమ్మ అర నిమిషంలో నల్లబడి పేపరంతా పొగచూరుతుంది, అందుకని ట్రేను ఐసునీళ్ల బేసినులో పెట్టాలి. వీలైతే డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. తర్వాత ఒక వంతు తెల్ల వెనిగరు, మూడు వంతుల నీళ్లలో అర నిమిషం. ఆపైన లీటరుకు 200 గ్రాముల హైపోలో (బొమ్మను చెదరకుండా నిలిపే రసాయనం) ఐదు నిమిషాలు, చివరికి పారే నీళ్లలో ఐదు నిమిషాలు.

ఆరిన బిళ్లను ఫోన్‌తో తీసి రంగులు తిరగేస్తే పాజిటివు వస్తుంది. కుడి ఎడమలూ తిప్పాలి, లేకపోతే షాపు బోర్డుల మీద అక్షరాలు అద్దంలోవిలా ఉంటాయి. ఆరు బొమ్మల్లో ఒకటే తెల్లగా మిగిలితే మూత తీయడం మరిచారు. ఒకటే మసకబారితే మూత లేకుండా షట్టరు ఎక్కుపెట్టారు. ఆరూ ఒకే వైపు నల్లబడి ఉంటే షట్టరు చివర్లో వేగం తగ్గుతోంది, ఇరుసు గొట్టాల మధ్య నలక చూడండి. నూనె మాత్రం వేయకండి, రెండో రోజుకి అది పేపరు మీదికి చేరుతుంది.